మీ నాన్న కంప్యూటర్ మోత ఆపడం గురించి

ఒంగోలు,
ఆదివారం

అబ్బయ్యా,

పెద్దనాన్న ఆశీస్సులు. పొద్దున మీ నాన్న కావలి నుంచి ఫోన్ చేశాడు. రొయ్యల రేటు చూసుకుందామని కూర్చుంటే కుడిపక్క కింది మూల టింగుమని "మీ కంప్యూటర్‌లో 5 వైరస్‌లు" అంటోందట. గంటలో పదిసార్లు. ఒకటే టెన్షన్ పడుతున్నాడు. నువ్వేమో సెక్యూరిటీ మొత్తం ఆపేస్తే పీడా పోతుందన్నావట. ఆ పని మాత్రం చెయ్యొద్దు.

నేను చేసి చూశానులే. విండోస్ 7 రోజుల్లో విసుగొచ్చి యాంటీవైరస్ పీకేశా. వారం తిరక్కుండా జిరాక్స్ షాపుకు పోయొచ్చిన పెన్‌డ్రైవ్ పెడితే ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్‌లైపోయాయి. మీ అక్క పెళ్లి ఫొటోలు కనపడక రెండు రోజులు అన్నం సయించలేదు. లోపలే దాక్కుని ఉంటే చివరికి తీయించాం.

ముందు ఆ టింగుమన్నది ఎవరో చూడు. వచ్చిన డబ్బా మీద క్రోమ్ పేరు, చిన్న అక్షరాల్లో నోరు తిరగని వెబ్‌సైట్ పేరు ఉంటే అది విండోస్ చెప్పిన మాట కాదు. ఏ వెబ్‌సైటుకూ మన కంప్యూటర్‌లోకి దూరి వైరస్‌లు లెక్కపెట్టి చెప్పడం కుదరదు. మీ నాన్న ఏ కొత్త సినిమానో ఊరికే వస్తుందని వెళ్లుంటాడు. "మీరు రోబో కాదని తెలియాలంటే అలో నొక్కండి" అని ఉంటుంది, నొక్కేసి ఉంటాడు. అడిగితే ఒప్పుకోడు, అడగబాకు.

క్రోమ్‌లో పైన కుడివైపు మూడు చుక్కలు నొక్కి సెట్టింగ్స్, ప్రైవసీ అండ్ సెక్యూరిటీ, సైట్ సెట్టింగ్స్, నోటిఫికేషన్స్ దాకా వెళ్లు. అలో చేసిన సైట్ల వరస కనిపిస్తుంది. తెలియని ప్రతిదాన్నీ బ్లాక్ చెయ్యి. రిమూవ్ చేసి ఊరుకుంటే అది మళ్లీ అడుగుతుంది, ఆయన మళ్లీ నొక్కుతాడు. ఏ సైటూ అసలు అడగకుండా ఉండే ఆప్షన్ కూడా అక్కడే ఉంది, అదీ పెట్టెయ్. నూటికి తొంభై పాళ్లు మోత ఇక్కడే ఆగిపోతుంది.

కంప్యూటర్ కొన్నప్పుడు దాంతోపాటు వచ్చిన ట్రయల్ యాంటీవైరస్ గడువు అయిపోయి డబ్బు కట్టమని గోల పెడుతుంటే దాన్ని అన్ఇన్‌స్టాల్ చెయ్యి. విండోస్‌లో ఉండే డిఫెండర్ తనే పని అందుకుంటుంది.

ఇక మిగిలింది విండోస్ సొంత హెచ్చరికలు. తుఫానొస్తే కృష్ణపట్నం పోర్టులో ప్రమాద సూచిక ఎగరేస్తారు కదా, అది కళ్లకు అడ్డమొచ్చిందని ఎవరూ దించమనరు. ఇదీ అంతే. కాకపోతే స్కాన్ చేశాం, ఏమీ దొరకలేదు అనే ఊసుపోక కబుర్లు ఆపుకోవచ్చు. విండోస్ సెక్యూరిటీ తెరిచి, సెట్టింగ్స్‌లో మేనేజ్ నోటిఫికేషన్స్‌కి వెళ్లి ఆ స్విచ్ తిప్పు. ముఖ్యమైనవి ఎలాగూ వస్తాయి. కింద కుడిమూల ఉండే విండోస్ సెక్యూరిటీ డాలు బొమ్మ మీద పసుపు గుర్తుంటే లోపలికెళ్లి చదువు. వన్‌డ్రైవ్ పెట్టుకోమనో, మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అవమనో అయితే డిస్మిస్ కొట్టు, గుర్తు పోతుంది. ఎర్ర గుర్తును మాత్రం అలా కొట్టెయ్యొద్దు.

విండోస్ 10కి 2025 అక్టోబరు 14తో మామూలు సపోర్ట్ అయిపోయింది. దాని గురించి వచ్చే మెసేజ్ నిజమే. మీది 11కి మారుతుందేమో సెట్టింగ్స్‌లోని విండోస్ అప్‌డేట్‌లో చూడు.

ఎప్పుడన్నా స్క్రీన్ నిండా ఎర్రటి పేజీ వచ్చి, మూసుకోకుండా, ఫోన్ నంబరిచ్చి వెంటనే చెయ్యమంటే కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కు. టాస్క్ మేనేజర్‌లో బ్రౌజర్‌ని ఎండ్ టాస్క్ చెయ్యి. మళ్లీ తెరిచినప్పుడు పాత పేజీలు తెమ్మంటావా అంటే వద్దను. ఆ నంబరుకు చేస్తే ఏదో యాప్ వేయించుకుని కంప్యూటర్ వాళ్ల చేతుల్లోకి తీసుకుంటారు. పొరపాటున డబ్బు పోతే ఆలస్యం చెయ్యకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్యాలి. ఆ మూడు కీల పేర్లూ, 1930 నంబరూ ఒక కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి మీ నాన్న టేబుల్ దగ్గర అంటించు. కళ్లజోడు లేకుండా చదవగలిగేలా రాయి.

మీ పెద్దనాన్న