రంగు పోయిందా, వెలిసిందా?

సందేహం: మా అమ్మాయి గడ్డం మీది నూగు పోవడానికి కాంతి చికిత్స చేయించుకుంటే, అక్కడ తెల్లమచ్చలు పడ్డాయి. ముందే సంతకం పెట్టించుకున్న కాగితంలో 'వర్ణద్రవ్య నష్టం సంభవించవచ్చు' అని ఉంది. ఇరుగుపొరుగు బొల్లి అంటున్నారు. ఏ మాట సరైనది?
– ఒక పాఠకురాలు, కూకట్‌పల్లి

సమాధానం: ద్రవ్యనష్టం అంటే సొమ్ము పోవడం తల్లీ. బిల్లు తలుచుకుంటే అదీ అబద్ధం కాదేమో! 'వర్ణద్రవ్యం' పాఠ్యపుస్తకాల్లో కుదురుకున్న మాటే, కాదనను. దానికి నష్టాన్ని తగిలించి, ఆపైన 'సంభవించ'బెట్టడమే నాకు మింగుడుపడదు.

మనకు 'వెలియు' అనే క్రియ ఉంది. చిక్కడపల్లిలో మా పడమటి కిటికీకి నీలం కర్టెన్ వేశాం. రెండు వేసవులకే ఎండ తగిలినంత మేరా బూడిదరంగుకు తిరిగింది. మడత విప్పితే లోపల నీలం నీలంగానే ఉంది. మా ఆవిడ "వెలిసిపోయింది, మార్చండి" అంది. వాన వెలియడమూ ఈ క్రియే. కొండమీద దేవుడు వెలయడం వేరు, అది 'వెలయు'. ఈ రెండూ కలిపేసి "వాన వెలసింది" అని రాసేవాళ్లను చూస్తే ఒళ్లు మండుతుంది.

వెల్ల, వెండి, వెన్నెల, వెలుగు – తెలుపూ కాంతీ ఒకే ద్రావిడ ధాతువు బిడ్డలు. 'వెలియు' కూడా ఆ ఇంటిదేనని నా ఊహ. వెండిని తమిళులు వెళ్ళి అంటారు, కన్నడిగులు బెళ్ళి, తుళువారు బొళ్ళి. ఆ తుళుమాట విన్నప్పటినుంచి మన బొల్లికీ దానికీ చుట్టరికం కలుపుతున్నాను. మిగతా తెలుగు మాటలకు వకారం ఉండగా దీనికి బకారం ఎలా వచ్చిందంటారా, పట్టుబట్టను. మొహాన తెల్లమచ్చ ఉన్న ఆవును ముద్దుగా బొల్లావు అనేవాళ్లం. కల్లబొల్లి సంగతి ఇంకోసారి.

ఇక జబ్బుగా బొల్లి అంటే, ఒంటి రక్షణ వ్యవస్థే రంగు కణాల మీద తిరగబడడం. మీ అమ్మాయిది అది కాకపోవచ్చు. ఆ దీపం కాంతిని వెంట్రుక కుదుట్లోని మెలనినే (ఆ కాగితంలోని వర్ణద్రవ్యం ఇదే) కాదు, పైచర్మంలోదీ పీల్చుకుని వేడెక్కుతుంది. చామనచాయకు ఆ బెడద ఎక్కువ. చాలామందికి కొన్ని నెలల్లో రంగు తిరిగొస్తుంది (మా కర్టెన్‌కు ఆ అదృష్టం లేదు). చిత్రమేమంటే, బొల్లికి వైద్యం చేసేదీ కాంతితోనే, 311 నానోమీటర్ల అతినీలలోహిత కాంతితో. ఏదైనా చర్మవైద్యుడికి ఒకసారి చూపించండి.

మాట వరకైతే 'రంగు వెలిసింది' అనండి. 'తెల్లమచ్చ' అన్నా తప్పులేదు. 'వెలిమచ్చ' అని కొత్తగా కూర్చుదామనుకున్నాను గానీ, 'వెలి' అనగానే వెలివేయడం తలపుకొస్తుంది. అంటుకోని దానికి ఇప్పటికే ఉన్న చెడ్డపేరు చాలు. ఆ కాగితంలో 'దుష్ప్రభావం' అని కూడా ఉండే ఉంటుంది. మా అమ్మయితే "వైద్యం వికటించింది" అనేది.