రెండు ఆటలు ఆడే పిల్లాడితో ఒకటి మాన్పించాలా?

"మా అబ్బాయి కబడ్డీ ఆడతాడు, లాంగ్‌జంప్ కూడా చేస్తాడు. పీఈటీ సారు ఏదో ఒకటి మానేయమంటున్నారు. ఏది మాన్పించాలి?" అని అడిగారు. ఏదీ మాన్పించొద్దండీ. సరిగ్గా ఆ రెండూ ఆడినవాణ్ణి నేను. గజపతినగరం పక్కన పల్లె మాది.

మా వైపు ఈ మాటెత్తితే చాలు, "కరణం మల్లీశ్వరి ఒక్క ఆటనే పట్టుకుంది కదేటి" అంటారు. నిజమే, ఆమదాలవలస దగ్గర్నుంచి వెళ్లి 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో మొత్తం 240 కిలోలెత్తి కాంస్యం తెచ్చారావిడ. కానీ బరువులెత్తడం వేరు. కబడ్డీకీ గెంతుకీ కావాల్సింది ఒకటే, కాలిబలం. సెలవులకి నెల్లిమర్లలో మావయ్య వాళ్లింటికి వెళ్లి చంపావతి ఏటి ఇసకలో పరిగెత్తేవాణ్ణి. అక్కడ గట్టిపడ్డ చీలమండలే బోర్డు మీంచి లేవడానికీ, పట్టు విడిపించుకుని గీత దాటడానికీ పనికొచ్చాయి. డాక్టర్లు ఏమంటారో గానీ నా లెక్క ఇదే.

నేను చెడింది ఆటల వల్ల కాదు, సెలక్షన్ల వల్ల.

డిగ్రీ రెండో ఏడాది. విజయనగరంలో రెండింటికీ ఒకే రోజు, ఒకే గ్రౌండులో సెలక్షన్లు. జంప్ ఎనిమిదింటికి, కబడ్డీ పదింటికి, ఇబ్బందేం లేదన్నారు. చోడి అంబలి తాగి మొదటి బస్సెక్కేశాను. తీరా వెళ్తే జంప్ పిట్, అదే గెంతి పడే ఇసక గుంట, రాయిలా ఉంది. ముందురోజు తవ్వించాలన్న ఆలోచన ఎవరికీ రాలేదు. గునపం ఎక్కడో తాళంలో ఉంది, తాళంచెవి ఇంకెవరి దగ్గరో ఉంది. చివరికి మేమే తవ్వుకున్నాం. గెంతడానికి వచ్చినవాళ్లం గోతులు తవ్వే కూలీలమయ్యాం. (పెళ్లిళ్లకీ ఎగ్జిబిషన్లకీ గ్రౌండు ఇచ్చినప్పుడు మాత్రం గంటలో గుంజలు పాతేస్తారు. దీని గురించి మొదలుపెడితే ఇవాళ ఆపను.)

అలా పది దాటింది. నా మొదటి గెంతు ఫౌల్. బొటనవేలు బోర్డు దాటిందట, ఎర్రజెండా లేచింది. ఆ చివర కబడ్డీ కోర్టు నుంచి సారు కేక: "ఒరే, వస్తావేటి, పేరు కొట్టేమంటావేటి?" ఒంటినిండా ఇసకతో అటు పరిగెత్తాను. నాలుగుసార్లు కూతకెళ్లి మూడు పాయింట్లు తెచ్చాను. మళ్లీ రొప్పుతూ ఇటొచ్చేసరికి నా పేరు మీద నీలం గీత. "పిలిచాం, రాలేదు."

కబడ్డీలో తీసుకున్నారు, పన్నెండోవాడిగా. ఆడేది ఏడుగురు. నాలుగు రోజుల టోర్నమెంటులో ఒక్క కూతకీ వెళ్లలేదు, నీళ్ల బాటిళ్లు నింపాను.

అథ్లెటిక్స్‌లో రెండు ఈవెంట్లు ఒకేసారి పడితే, ఆ రౌండులో మన ప్రయత్నం వరస మార్చి ముందో వెనకో ఇవ్వొచ్చని చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. కబడ్డీకి ఆ రూలు వర్తించదు, సరే. అడిగితే మాత్రం ఏం పోయేది!

నాలాంటివాళ్ల సంగతి వదిలేయండి. మద్రాసు ఎం.జె. గోపాలన్ హాకీలోనూ క్రికెట్‌లోనూ దేశానికి ఆడినవాడు. 1934లో రంజీ ట్రోఫీ మొట్టమొదటి బంతి వేసింది ఆయనే. 1936లో హాకీవాళ్లు బెర్లిన్ ఒలింపిక్స్‌కి, క్రికెట్‌వాళ్లు ఇంగ్లండ్‌కి. ఆయన క్రికెట్ ఎంచుకున్నాడు. ఆ టూరులో ఒక్క టెస్టూ ఆడించలేదు. అక్కడ బెర్లిన్‌లో ధ్యాన్‌చంద్ జట్టు ఫైనల్లో జర్మనీని 8-1తో చిత్తుచేసి బంగారం తెచ్చుకుంది. ఆ క్రికెట్ జట్టు కెప్టెన్ ఎవరనుకున్నారు? మా విజయనగరం రాజకుమారుడు విజ్జీయే. మూడు టెస్టులూ ఆడి మొత్తం 33 పరుగులు చేశాడు. జట్టులో మేటి ఆటగాడు లాలా అమర్‌నాథ్‌ని మధ్యలోనే ఇంటికి పంపించిందీ ఆ టూరులోనే. విజయనగరంలో స్టేడియానికి విజ్జీ పేరే ఉంది, ఆ పక్కనుంచి వెళ్లినప్పుడల్లా నాకు గోపాలన్ గుర్తొస్తాడు.

అదే టూరులో మద్రాసు తెలుగువాడు కోటా రామస్వామి కూడా ఉన్నాడు. 1922లో డేవిస్ కప్‌లో టెన్నిస్ ఆడినవాడు, నలభై ఏళ్లు నిండాక మాంచెస్టర్‌లో తొలి టెస్టు ఆడి 40, 60 కొట్టాడు. టెన్నిస్ ఆడినందుకు బ్యాటు మర్చిపోయాడా?

మీవాడి సంగతికొస్తే, పోటీకి ముందు వారం కబడ్డీలో మోకాళ్లు దోక్కుపోకుండా చూసుకోమనండి. సెలక్షన్ తేదీలు తెలియగానే ఇద్దరు సార్లనీ ఒకేచోట నిలబెట్టి మాట్లాడమనండి. విడివిడిగా అడిగితే ఇద్దరూ "సరేలేరా, చూద్దాం" అంటారు. నాకూ అలాగే అన్నారు.