పంట ఇంటికొచ్చే వేళ ఇటలీకి రా: అమ్మాయికి పెద్దనాన్న ఉత్తరం

చి. సౌ. అమ్మాయికి,

టురిన్ నుంచి పెద్దనాన్న ఆశీర్వదించి రాయునది. ఉభయకుశలోపరి. వచ్చే వేసవిలో అల్లుడుగారితో కలిసి ఇటలీ వస్తామని, రోమ్, ఫ్లోరెన్స్, వెనిస్ పది రోజుల్లో చూసుకుని వెళ్తామని నువ్వు రాసినది చదివి మీ పెద్దమ్మా నేనూ ఎంతో సంతోషించాము. అయితే తేదీలు ఖరారు చేసే ముందు నా మాట ఒకటి విను. ఇక్కడి తిండినీ పండుగలనూ దగ్గరగా చూడాలన్నది నిజంగా నీ కోరిక అయితే, వేసవిని వదిలేసి అక్టోబరు మధ్య నుంచి నవంబరు మధ్య వరకు ఉన్న నెల రోజుల్లో వీలు చూసుకో. ఆగస్టు 15న వచ్చే ఫెర్రగోస్తో పండుగకు అటూ ఇటూ నగరాల్లో సొంత కుటుంబం నడుపుకునే భోజనశాలలు చాలావరకు మూతపడి ఉంటాయి, యజమానులు సముద్రతీరాలకో కొండలకో వెళ్ళిపోతారు. ద్రాక్ష, చెస్ట్‌నట్ కాయలు, ఆలివ్‌లు, అడవి పుట్టగొడుగులు ఇళ్ళకు చేరేది ఎండలు తగ్గాకనే. పంట ఇంటికి వచ్చాకే మనకు సంక్రాంతి వచ్చినట్టు, ఇక్కడి పల్లెల్లో కూడా చాలా సంబరాలు ఆ పంటను పట్టుకునే నడుస్తాయి.

మూడు నగరాలు చుట్టివచ్చే ఆలోచన మానుకుని, ఒకే ప్రాంతంలో కనీసం నాలుగు రాత్రులు ఉండేలా చూసుకో. నన్నడిగితే ఆ ప్రాంతం ఆల్బా. మా ఊరికి దక్షిణంగా సుమారు 60 కిలోమీటర్ల దూరంలో, లాంగే కొండల అంచున ఉన్న చిన్న పట్టణం అది. ఆ కొండల ద్రాక్షతోటలను యునెస్కో 2014లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. అక్టోబరు నుంచి శనాదివారాల్లో అక్కడ తెల్ల ట్రఫుల్ సంత జరుగుతుంది. ట్రఫుల్ అంటే చెట్ల వేళ్ళను ఆశ్రయించి నేల లోపల పెరిగే ఒక పుట్టగొడుగు జాతి. తెల్లది సాగుకు అంత సులభంగా లొంగదు, అందుకే కుక్కను వెంటబెట్టుకుని, తరచుగా రాత్రివేళ, అడవుల్లో వెతికి తవ్వితీస్తారు. ఆ పని చేసేవారిని అక్కడి మాటలో త్రిఫులావు అంటారు. ఏ చెట్టు కింద దొరికిందో వారు ఇంట్లోవాళ్ళకు కూడా చెప్పరని ప్రతీతి. ఈ వెతుకులాట విద్యను కూడా యునెస్కో 2021లో మానవాళి వారసత్వంగా గుర్తించింది.

దాని వాసన మొదటిసారి నీకు వింతగా తోచవచ్చు. ఇంగువ డబ్బా మూత తీసినప్పుడు గుప్పుమనే ఘాటులో గంధకపు పాలు ఎలా ఉంటుందో, ఇందులోనూ అలాంటిదే ఉంటుంది, దానికి వెల్లుల్లి, తేనె, తడిసిన మట్టి వాసనలు తోడవుతాయి. తెల్ల ట్రఫుల్‌ను వండరు. గుడ్డు సొనలతో కలిపి సన్నగా కోసిన తాయరిన్ అనే పాస్తాను వెన్నలో కలిపి, దాని మీద పచ్చిగానే పలచగా తురుముతారు. ఇక్కడే ఒక జాగ్రత్త చెప్పాలి. నేను ఈ దేశానికి వచ్చిన కొత్తలో ఒక భోజనశాలలో ధర అడగకుండా ట్రఫుల్ వేయమన్నాను, వడ్డించే అతను తురుముతూ ఉంటే మొహమాటపడి చాలు అనలేకపోయాను. ఆ పూట అయిన ఖర్చుకు మా ఇంట్లో నెలకు సరిపడా సరుకులు వచ్చేవి. గ్రాముకు ఎంతో ముందే అడుగు, ఎన్ని గ్రాములు కావాలో చెప్పు, తురిమే ముందూ తరువాతా తూచి చూపించమను. దానిని ఎవరూ తప్పుగా తీసుకోరు. దుకాణాల్లో ట్రఫుల్ నూనె అని అమ్మే సీసాలు మాత్రం కొనకు, వాటిలో ఎక్కువ వాటికి ఆ వాసన కృత్రిమంగా తయారుచేసిన పదార్థం వల్లనే వస్తుంది.

ఆ కొండల్లోనే నెబ్బియోలో ద్రాక్షతో బరోలో, బర్బరెస్కో అనే వైన్లు తయారవుతాయి. నెబ్బియోలో కోత సాధారణంగా అక్టోబరులో, కొండల మధ్య పొగమంచు దిగే రోజుల్లో ఉంటుంది. నిబంధన ప్రకారం బరోలోను కనీసం 38 నెలలు, అందులో 18 నెలలు చెక్క పీపాల్లో నిలవ ఉంచాలి కనుక, నీ కళ్ళ ముందు కోసిన గుత్తి నాలుగో ఏడాదికి గానీ అమ్మకానికి రాదు. ఆ సంగతి తెలిసి తాగితే, తొందరపడి గ్లాసు ఖాళీ చేయాలని అనిపించదు. ఇద్దరికీ అలవాటు లేదు కనుక, సుమారు 5 శాతం మాత్రమే ఆల్కహాల్ ఉండే తియ్యని మొస్కాతో దాస్తి అనే వైన్‌తో మొదలుపెట్టి, తరువాత బరోలో రుచి చూడండి. కోతల కాలంలో ఆ ఇళ్ళవాళ్ళు పనిలో మునిగి ఉంటారు, చెప్పకుండా వెళ్ళి తలుపు తట్టడం మర్యాద కాదు, ముందే సమయం అడిగి తీసుకో. రుచి చూసి పక్కనున్న పాత్రలో ఉమ్మివేయడం అక్కడ తప్పు కాదు. కారు నడిపేవారు మాత్రం ఉమ్మివేయడమే మంచిది, రక్తంలో ఆల్కహాల్ లీటరుకు 0.5 గ్రాములు దాటితే ఇక్కడ కారు నడపడానికి చట్టం ఒప్పుకోదు.

అల్లుడుగారు శాకాహారి కనుక ఇంకొన్ని విషయాలు రాస్తున్నాను. ఈ ప్రాంతంలో శీతకాలానికి పేరుపొందిన బాన్యా కౌదా అనే వేడివేడి పచ్చడిలో కూరగాయ ముక్కలు అద్దుకుని తింటారు గానీ, అందులో వెల్లుల్లి, నూనెలతో పాటు ఆంకోవీ చేపలు కలుస్తాయి. పార్మిజానో, ఫోంతీనా జున్నులను దూడ కడుపు నుంచి తీసిన రెన్నెట్‌తో తోడుపెడతారు. మాంసం లేదు అన్నంత మాత్రాన సరిపోదు, చేప, పందికొవ్వు కూడా లేవా అని విడిగా అడగాలి.

సగ్రా అని పిలిచే ఊరి తిండి సంబరం ఎక్కడ కనిపించినా వదులుకోవద్దు. చాలాచోట్ల వాటిని ప్రో లోకో అనే ఊరి సంఘాలు నడుపుతాయి, వండేదీ వడ్డించేదీ ఊరివాళ్ళే. ముందు కస్సా దగ్గర డబ్బు కట్టి చీటీ తీసుకుని, ఆ చీటీతో వంటల దగ్గరకు వెళ్ళాలి. చిల్లర నోట్లు దగ్గర పెట్టుకో, పొడవాటి బల్లల మీద తెలియనివారి పక్కనే కూర్చోవడానికి వెనుకాడకు. నేను నేర్చుకున్న ఇటాలియన్ భాషలో సగం ఆ బల్లల దగ్గర నేర్చుకున్నదే.

వీలైతే నవంబరు 11 వరకు ఉండు. అది సాన్ మార్తీనో పండుగ. తన అంగీని కత్తితో చీల్చి చలికి వణుకుతున్న బిచ్చగాడికి సగం ఇచ్చిన సాధువు పేరిట జరుపుకునే రోజు. ఆ రోజుకు ద్రాక్షరసమంతా వైన్ అవుతుందని సామెత, కాల్చిన చెస్ట్‌నట్ కాయలతో కొత్త వైన్ తాగుతారు. పూర్వం ఉత్తరాది పల్లెల్లో కౌలు ఒప్పందాలు ఆ రోజుతో ముగిసేవి, కౌలు పోయిన కుటుంబాలు బండి మీద సామాను వేసుకుని మరో ఊరికి కదిలేవి. ఇల్లు మారడాన్ని ‘సాన్ మార్తీనో చేయడం’ అని ఇప్పటికీ అంటారు.

ఆలివ్ నూనె కొనాలంటే నవంబరులో మధ్య ఇటలీలో ఉన్న ఉంబ్రియా ప్రాంతంలోని త్రేవి, స్పెల్లో ఊళ్ళ వైపు వెళ్ళి గానుగ దగ్గరే కొను. కొత్త నూనె గొంతులో మిరియంలా మండితే పాడైందనుకోకు, అది మంచి నూనె లక్షణం.

సెలవు డిసెంబరులోనే దొరికితే ఆల్బా మాట పక్కనపెట్టి సిసిలీకి వెళ్ళు. 13వ తేదీ సాంతా లూచీయా అనే సాధ్వి పండుగనాడు సిరకూసాలో ఆమె వెండి విగ్రహాన్ని ఊరేగిస్తారు. పూర్వం కరవు కాలంలో గోధుమల ఓడ రేవుకు చేరితే, పిండి పట్టించే ఓపిక లేక గింజలనే ఉడికించుకుని తిన్నారని చెప్పుకుంటారు. ఆ జ్ఞాపకంతో ఆ రోజు పలెర్మోలో రొట్టె, పాస్తా ముట్టకుండా, ఉడికించిన గోధుమలలో తియ్యని రికోత్తా అనే మెత్తని జున్ను కలిపిన కుచ్చీయా తింటారు. అల్లుడుగారికి అది తప్పక నచ్చుతుంది.

వీసాకు ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచే దరఖాస్తు చేసుకోవచ్చు, ఆలస్యం చేయకు. నవంబరులో సాయంత్రం ఐదు దాటగానే చీకటి పడుతుంది కనుక తోటలు చూసే పని ఉదయమే పెట్టుకోవాలి, చలికోటుతో పాటు బురదకు ఆగే బూట్లు కూడా తెచ్చుకోండి. ఆల్బాలో శనాదివారాల గదులు చాలా ముందే నిండిపోతాయి, తేదీలు అనుకోగానే రాస్తే నేనే మాట్లాడి ఉంచుతాను. మీ పెద్దమ్మకు ఒక డబ్బా మంచి ఇంగువ మరచిపోకుండా తీసుకురా.

ఇట్లు,
మీ పెద్దనాన్న