ఆ పొట్టి స్కర్టుల్లో నిజంగానే బేస్‌బాల్ ఆడారా? ఆడారు. సోఫీ కూరిస్ గురించి నాకు తెలిసింది

మీరు రెండు ప్రశ్నలు అడిగారు. 1940లలో అమెరికాలో జీతానికి బేస్‌బాల్ ఆడిన అమ్మాయిల బతుకు ఎలా ఉండేది? ఆ పొట్టి స్కర్టుల్లో నిజంగా ఆడేవారా, జనం చూడ్డానికి పెట్టిన వేడుకా? రెండోదానికి ముందు చెబుతాను. నిజంగానే ఆడారు, తొడల మీద చర్మం లేచిపోయేలా ఆడారు.

ఎనిమిదో తరగతి నుంచి ఇంటర్ దాకా నేను తూర్పు గోదావరి జిల్లా తరఫున సాఫ్ట్‌బాల్ ఆడాను, బేస్‌బాల్‌కి దగ్గరి ఆట. రెండింట్లోనూ బంతి కొట్టినమ్మాయి మూడు బేసులు దాటి మొదలైన చోటికి, అంటే హోమ్‌కి, తిరిగొస్తే ఒక పరుగు. నాది సెకండ్ బేస్, రెండో బేసు దగ్గర ఫీల్డింగ్. మా గ్రౌండులో గడ్డి లేదు. గట్టిపడిన ఎర్రమట్టి, మధ్యమధ్య కంకర. ట్రాక్ ప్యాంటు వేసుకుని స్లైడ్ చేసినా, అంటే బేసు అందుకోడానికి నేల మీద జారినా, తొడ పక్కన అరచేయంత మేర దోక్కుపోయేది. రాత్రి దుప్పటి అంటుకుపోయేది, పొద్దున్నే లాగితే మళ్ళీ రక్తం. అమ్మ కొబ్బరినూనె రాస్తూ "ఆడపిల్లవి, ఈ మచ్చలు పోకపోతే ఎలాగే" అని కళ్ళనీళ్ళు పెట్టుకునేది. అందుకే ఒకమ్మాయి మోకాలు కూడా కప్పని స్కర్టులో ఒక్క సీజన్లో 201 బేసులు దొంగిలించిందని, అంటే ఎవరూ బంతి కొట్టకుండానే అదును చూసి తర్వాతి బేసుకి పరుగెత్తి చేరిందని, మొదటిసారి చదివినప్పుడు, ఆ అంకె కన్నా ముందు ఆమె తొడల గురించే ఆలోచించాను.

ఆ అమ్మాయే సోఫీ కూరిస్. 1925లో మిషిగన్ రాష్ట్రంలో, కార్ల ఫ్యాక్టరీల ఊరు ఫ్లింట్‌లో పుట్టింది. మగ ఆటగాళ్ళు యుద్ధానికి వెళ్ళిపోతున్న 1943లో, చూయింగ్ గమ్ కంపెనీ, షికాగో కబ్స్ జట్టు రెండూ ఉన్న ఫిలిప్ రిగ్లీ ఆడవాళ్ళ లీగ్ మొదలుపెట్టాడు. తొలి ఏడాది నాలుగే జట్లు: రాక్‌ఫర్డ్, సౌత్ బెండ్, కెనోషా, రసీన్. పద్దెనిమిదేళ్ళు నిండుతుండగా సోఫీ రసీన్ బెల్స్‌లో చేరింది. జీతం వారానికి 45 నుంచి 85 డాలర్ల మధ్య. ఆ వయసు ఆడపిల్లకి అప్పట్లో అది మంచి డబ్బు.

డబ్బుతోపాటు షరతులూ వచ్చాయి. పగలు ప్రాక్టీసు అయ్యాక సాయంత్రం హెలెనా రూబిన్‌స్టీన్ సంస్థవాళ్ళు నడక, కూర్చునే తీరు, ముఖానికి రంగులు నేర్పేవారు. జుట్టు పొట్టిగా కత్తిరించుకోకూడదు, నలుగురిలో సిగరెట్టు కాల్చకూడదు. ప్రతి జట్టుకీ ఒక పెద్దావిడ కాపలా. గాయాలకి కట్టు కట్టేదీ ఆవిడే. మట్టికి గీరుకుపోయిన చోట ఎర్రగా తేలే పుండ్లని అమ్మాయిలు స్ట్రాబెర్రీలు అనేవారు. సోఫీకి కూడా ప్యాడ్ కట్టి చూశారట. పరుగుకి అడ్డంగా ఉందని తీసేసిందట. నేనైనా తీసేసేదాన్నే. ప్యాడ్ ఉంటే కాలు మడత సరిగ్గా పడదు.

1946 సీజన్లోని ఆ 201 గురించి కొంచెం వివరంగా చెప్పాలి. సాఫ్ట్‌బాల్‌లో పిచర్ (బంతి విసిరే అమ్మాయి) చేతిలోంచి బంతి వెళ్ళేదాకా మేం బేసు మీంచి కాలు తియ్యకూడదు. ఆ లీగ్‌లో ముందే నాలుగడుగులు జరిగి నిలబడొచ్చు. అప్పుడు వాళ్ళ బేసుల మధ్య దూరం సుమారు 70 అడుగులు. మాది 60, మగవాళ్ళ బేస్‌బాల్‌లో 90. కాబట్టి 1982లో మగవాళ్ళ లీగ్‌లో రికీ హెండర్సన్ దొంగిలించిన 130తో దీన్ని పక్కపక్కన పెట్టి ఎవరు గొప్ప అనడం నాకు ఇష్టం లేదు. కానీ దూరం తగ్గితే దొంగని పట్టడానికి క్యాచర్ (హోమ్ వెనక బంతి పట్టే అమ్మాయి) విసిరే దూరమూ తగ్గుతుంది. అలాంటిచోట ఆమె 203 సార్లు ప్రయత్నించి రెండుసార్లే దొరికింది! కాళ్ళ వేగం ఒక్కటే ఉంటే ఇది రాదు. పిచర్ భుజం ఎప్పుడు కదులుతుందో, ఏ చూపు తర్వాత బంతి వేస్తుందో కనిపెట్టాలి. నేను మూడేళ్ళు ప్రయత్నిస్తే కొద్దిగా పట్టుబడిన విద్య అది.

ఆ 1946లోనే ఫైనల్స్ ఆరో మ్యాచ్ రసీన్‌లోనే, రాక్‌ఫర్డ్ మీద. మామూలుగా మ్యాచ్ తొమ్మిది ఇన్నింగ్సే, సమానమైతే ఇంకా సాగుతుంది. రాక్‌ఫర్డ్ పిచర్ ఆ తొమ్మిది దాకా ఒక్క హిట్ ఇవ్వలేదు, అంటే ఎవర్నీ బంతి కొట్టి బేసు చేరనివ్వలేదు. రసీన్ పిచర్ జోయాన్ వింటర్ హిట్లు ఇస్తూనే పరుగు మాత్రం రానివ్వలేదు. 14వ ఇన్నింగ్స్‌లో సోఫీ బేసు చేరి, రెండోది దొంగిలించి, మూడోదానికి పరుగెత్తుతుండగా బెట్టీ ట్రెజ్జా బంతిని కుడివైపు కొట్టింది. సోఫీ ఆగలేదు. హోమ్ దగ్గర స్లైడ్ చేసింది. 1-0, ఛాంపియన్‌షిప్ రసీన్‌ది. లీగ్ అధ్యక్షుడు మాక్స్ కేరీ, తను స్వయంగా బేసులు దొంగిలించడంలో పేరుమోసినవాడు, మగవాళ్ళవి కలిపినా తాను చూసిన ఆటల్లో ఇదే గొప్పదన్నాడు.

ఒక విషయం దాటెయ్యలేను. ఆ లీగ్ నల్లజాతి అమ్మాయిలని చేర్చుకోలేదు. మేమీ జాన్సన్ 17 ఏళ్ళప్పుడు సెలెక్షన్స్‌కి వెళితే ఆడనివ్వకుండా పంపేశారు. 1953లో ఆమె ఇండియానాపొలిస్ క్లౌన్స్ అనే మగవాళ్ళ జట్టుకి పిచర్ అయింది. అదే ఏడాది అదే జట్టులో టోనీ స్టోన్ సెకండ్ బేస్. స్కర్టు వేసుకోమంటే వేసుకోనంది. మీ ప్రశ్న వీళ్ళ గురించి కూడా.

లీగ్ 1954లో మూతపడింది. అప్పటికి 600 మందికి పైగా ఆడారు. సోఫీ మొత్తం 1,114 బేసులు దొంగిలించింది. తర్వాత అరిజోనాలో స్థిరపడి 2013లో, 87 ఏళ్ళకి పోయింది.

రసీన్ బెల్స్ సొంత గ్రౌండు పేరు హార్లిక్ ఫీల్డ్. మన హార్లిక్సే, ఆ కుటుంబం వ్యాపారం పెరిగిన ఊరది. నేను పెరిగిన ధవళేశ్వరంలోనూ హార్లిక్స్ ఫ్యాక్టరీయే. ఉద్యోగానికి మిల్వాకీ వచ్చాక, అమ్మ మా దగ్గరికి వచ్చినప్పుడు ఓ ఆదివారం ఆ గ్రౌండుకి తీసుకెళ్ళాను. గేటు వేసి ఉంది. సోఫీ కథంతా అక్కడే నిలబడి చెప్పాను. అమ్మ లోపలికి చూస్తూ, "అప్పుడు ఇక్కడ కూడా మట్టేనా?" అంది. బేసుల మధ్య మట్టేనని చెప్పాను.