నీళ్లు తాగినప్పుడల్లా పొలమారుతుంటే దగ్గు సిరప్ పట్టకండి

ప్రశ్న: డాక్టరు గారూ, మా అమ్మకు 58 ఏళ్లు. నాలుగో ఏట పోలియో వచ్చి కుడికాలు సన్నబడింది. అప్పట్లో పాలు పడితే ముక్కులోంచి వచ్చేసేవని అమ్మమ్మ చెప్పేది. ఏడాదిగా నీళ్లు తాగితే పొలమారుతోంది. సాయంత్రానికి మాట ముక్కుతో మాట్లాడినట్టు వస్తోంది. మధ్యలో రెండుసార్లు జ్వరం వస్తే మెడికల్ షాపులో అడిగి యాంటీబయాటిక్, దగ్గు సిరప్ వాడాం. పోలియో తిరగబెట్టిందా? ఇంట్లో పసిబిడ్డ ఉంది, అంటుకుంటుందా?
- ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: యాభై ఏళ్ల కిందటి పోలియో తిరగబెట్టదు, అమ్మగారి నుంచి బిడ్డకు అంటదు. బిడ్డకు పోలియో చుక్కలు, ఇంజెక్షన్లు మాత్రం వేళకు వేయించండి.

నన్ను కంగారు పెడుతున్నది ఆ రెండు జ్వరాలు. పొలమారితే ఎవరో తలుచుకుంటున్నారని నెత్తిన తట్టి ఊరుకుంటాం. ఎప్పుడో ఒకసారైతే సరే. రోజూ అవుతోందంటే నీళ్లు, ముద్ద ఊపిరితిత్తుల్లోకి జారుతున్నాయేమో చూడాలి. న్యుమోనియా అలా కూడా మొదలవుతుంది. గొంతులో స్పర్శ తగ్గినవారికి దగ్గు కూడా రాకుండానే జారిపోవచ్చు.

పాలు ముక్కులోంచి వచ్చాయంటే అప్పుడే పోలియో మెదడు అడుగున గొంతు నరాలు మొదలయ్యే చోటును తాకి ఉండవచ్చు. గుటక వేసినప్పుడు అంగిలి పైకి లేచి ముక్కు దారి మూస్తుంది, స్వరపేటిక లేచి ఊపిరి దారి మూస్తుంది. మాటకూ ఆ కండరాలే కావాలి. అందుకే మింగడం, మాట రెండూ కలిసి దెబ్బతింటాయి. చచ్చిన నరకణాల పనిని మిగిలినవి ఇన్నేళ్లూ మోస్తూ వచ్చి, ఇప్పుడు అలసిపోతాయి. దీన్ని పోస్ట్ పోలియో సిండ్రోమ్ అంటాం. అయితే ఉత్తరం చూసి అదేనని చెప్పలేను. పక్షవాతం, మోటార్ న్యూరాన్ జబ్బు (కండరాలను కదిలించే నరకణాలు క్షీణించే జబ్బు), గొంతులో గడ్డ కావని తేలాకే ఆ పేరు పెట్టాలి.

సాయంత్రానికి మాట మారడం మయస్తీనియాలోనూ, అంటే వాడేకొద్దీ కండరాలు బలం కోల్పోయే జబ్బులోనూ, ఉంటుంది. దానికి మంచి మందులున్నాయి. కానీ షాపులో అడగ్గానే ఇచ్చే అజిత్రోమైసిన్, సిప్రోఫ్లాక్సాసిన్ లాంటివి ఆ జబ్బును ఒక్కసారిగా ముదర్చగలవు. మీరు వాడినదేమిటో రాయలేదు. ఆ స్ట్రిప్పు పారేయకుండా డాక్టరుకు చూపించండి. సిరప్ సంగతీ అంతే. ఊపిరితిత్తులను కాపాడేది ఆ దగ్గే. మత్తు కలిగించే సిరప్‌తో దాన్ని అణిచేస్తే కాపలావాణ్ణి నిద్రపుచ్చినట్టే. ఏడాది ఆగారు, అది పొరపాటే. ఇక ఆగకండి.

ఈ వారంలోనే న్యూరాలజిస్టుకు, ఈఎన్‌టీ డాక్టరుకు చూపించండి. ఛాతీ ఎక్స్‌రే అవసరం కావచ్చు. సన్నని గొట్టం కెమెరాతో మింగే తీరు చూసే పరీక్ష ఉంది. స్పీచ్ థెరపిస్టు మింగడం కూడా నేర్పిస్తారు. మా ఓపీలో ఒకామెకు చెంచాడు నీళ్లిచ్చి "ఆ" అనమన్నాను. గొంతులో గరగరమని నీళ్ల చప్పుడే వినిపించింది. అమ్మగారు తిన్నాక గొంతు అలా తడిగా పలుకుతోందేమో గమనించండి. ఇంట్లో మీరే నీళ్లు తాగించి పరీక్షలు చేయకండి.

అప్పటిదాకా నిటారుగా కూర్చోబెట్టి చిన్న చిన్న ముద్దలు పెట్టండి. తింటున్నప్పుడు మాట్లాడించవద్దు. తిన్నాక అరగంట పడుకోనివ్వవద్దు. పలచటి నీళ్ల కంటే చిక్కటి జావ చాలామందికి తేలిగ్గా దిగుతుంది, అయినా అమ్మగారికి ఏది సరిపోతుందో పరీక్షించినవారే చెప్పాలి. ఎప్పుడైనా ఆపరేషన్ పడితే మత్తు డాక్టరుకు పోలియో సంగతి ముందే చెప్పండి.

మళ్లీ జ్వరం వచ్చినా, ఆయాసం వచ్చినా, ఉమ్మి కూడా మింగలేకపోయినా మెడికల్ షాపుకు వెళ్లకండి. 108కి ఫోన్ చేయండి.