ఇంట్లో వైఫై ఉండగా ఇన్ని రీఛార్జులు అవసరమా?

ప్రశ్న: మేము పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయ దంపతులం. ఇంట్లో పాత ల్యాండ్‌లైన్, ఈమధ్య పెట్టించుకున్న ఫైబర్ ఇంటర్నెట్, మా ఇద్దరికీ రోజుకు 1.5 జీబీ డేటా ఇచ్చే సిమ్‌లు ఉన్నాయి. అమెరికాలో ఉన్న అమ్మాయి వాట్సాప్‌లోనే మాట్లాడుతుంది. ఇంటర్నెట్ కాల్స్‌తో ఫోన్ ఖర్చు తగ్గుతుందంటున్నారు. మేము వేటిని మానుకోవచ్చు?
– ఒక పాఠకురాలు, తణుకు

జవాబు: అమ్మాయితో వాట్సాప్‌లో మాట్లాడుతున్నారు కాబట్టి ఐఎస్‌డీ ఖర్చు మీకు ఇప్పటికే తప్పింది. దేశంలోని కాల్స్ రీఛార్జులోనే కలిసి వస్తాయి కనుక, తాడేపల్లిగూడెంలోని చెల్లెలికి మామూలు కాల్ బదులు వాట్సాప్ కాల్ చేసినందువల్ల మీకు ఒక్క రూపాయీ మిగలదు. మీ డబ్బు పోతున్నది మాటలకు కాదు, ఒకే డేటాను రెండుసార్లు కొనడానికి. ఇంట్లో ఉన్నంతసేపూ ఫోన్లు వైఫై మీదే నడుస్తాయి, సిమ్‌లోని 1.5 జీబీ ఏ రోజుకారోజు అర్ధరాత్రి మురిగిపోతుంది. నమ్మకం కుదరకపోతే ఫోన్ సెట్టింగుల్లో ఈ నెల మొబైల్ డేటా ఎంత వాడారో ఒకసారి చూడండి. వీడియో లేకుండా ఇంటర్నెట్ మీద గంటసేపు మాట్లాడుకున్నా ఖర్చయ్యే డేటా 100 ఎంబీ దాటదు.

డేటా అక్కరలేనివారి కోసం కాల్స్, ఎస్సెమ్మెస్‌లు మాత్రమే ఉండే ప్యాకులను తప్పనిసరిగా అందించాలని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2024 డిసెంబరులో నిబంధన తెచ్చింది. 2025 జనవరిలో ఇవి వచ్చినప్పుడు ఎయిర్‌టెల్‌లో 84 రోజుల కాల్స్ ప్యాకు రూ.469 కాగా, అదే గడువుకు రోజుకు 1.5 జీబీ ఇచ్చే ప్యాకు రూ.859 ఉండేది. ధరలు మారుతుంటాయి గనుక రీఛార్జుకు ముందు సరిచూసుకోండి; ఆ తేడాయే ఉంటే ఒక సిమ్ మీద ఏడాదికి సుమారు రూ.1,700 మిగులుతాయి. అయితే ఇద్దరూ ఒకేసారి మారమని నేను చెప్పను. కూరగాయల బండి దగ్గర క్యూఆర్ స్కాన్ చేసేది మీ ఇద్దరిలో ఎవరో వారి సిమ్‌కు డేటా ఉండనివ్వండి, ఎక్కువగా ఇంటిపట్టున ఉండేవారి సిమ్‌ను కాల్స్ ప్యాకుకు మార్చండి. బ్యాంకు ఓటీపీలు ఎస్సెమ్మెస్‌గానే వస్తాయి కాబట్టి వాటికి ఇబ్బంది ఉండదు.

ఇక ల్యాండ్‌లైన్. బంధువులందరి దగ్గరా ఆ నంబరే ఉంటే, దాన్ని ఫైబర్ కనెక్షన్‌కు మార్చే వీలుందేమో ఎక్స్ఛేంజీలో అడగండి. మార్చుకోకుండా పూర్తిగా వదులుకునేటట్లయితే, ఎప్పుడో కట్టిన డిపాజిట్ తిరిగి ఇమ్మని దరఖాస్తులోనే రాయండి. చాలామంది ఆ సంగతే మరచిపోతారు. ఒక తేడా మాత్రం గుర్తుంచుకోవాలి. రాగి తీగ ఫోన్‌కు కరెంటు ఎక్స్ఛేంజీ నుంచే వస్తుంది, కాబట్టి ఇంట్లో కరెంటు పోయినా అది మోగుతుంది. ఫైబర్ పెట్టెకు మీ ఇంటి కరెంటే ఆధారం. తుఫానులు తగిలే ప్రాంతం కాబట్టి రౌటర్‌కు చిన్న యూపీఎస్ పెట్టుకోండి. వాట్సాప్ నుంచి 112కు గాని, 108కి గాని కాల్ చేయలేరు. అందుకే రెండు సిమ్‌లలో ఒకటైనా ఎప్పుడూ రీఛార్జు అయి ఉండాలి.

ప్రశ్న: ఫోన్‌లో ‘వైఫై కాలింగ్’ అని కనిపిస్తోంది. అది వాట్సాప్ కాల్ లాంటిదేనా? దానికి వేరే డబ్బు కట్టాలా?
– ఒక పాఠకుడు, హనుమకొండ

జవాబు: రెండూ వేరు. వైఫై కాలింగ్‌లో మీ సిమ్ నంబరు నుంచే మామూలు కాల్ వెళ్తుంది; టవరుకు బదులు ఇంటి ఇంటర్నెట్ దాన్ని మోస్తుందంతే. అవతలివారికి యాప్ అక్కరలేదు, ల్యాండ్‌లైన్‌కైనా చేయవచ్చు. ఎయిర్‌టెల్ 2019 డిసెంబరులో, జియో 2020 జనవరిలో దీన్ని అదనపు రుసుము లేకుండా ప్రారంభించాయి. వెనక గదిలో సిగ్నల్ అందడం లేదని మరో కంపెనీ సిమ్ కూడా కొని రెండింటికీ రీఛార్జు చేసే ఇళ్లు ఎన్నో ఉన్నాయి. ఆ రెండో సిమ్ ఖర్చును ఈ ఒక్క మీట తప్పిస్తుంది.

ప్రశ్న: మా అబ్బాయి దుబాయ్‌లో పనిచేస్తున్నాడు. అక్కడి నుంచి వాట్సాప్ కాల్ కలవడం లేదు. వీపీఎన్ (ఎక్కడి నుంచి ఇంటర్నెట్ వాడుతున్నామో కనబడకుండా దాచే యాప్) పెట్టుకోమని తోటివాళ్లు చెబుతున్నారట. పెట్టుకోవచ్చా?
– ఒక తండ్రి, జగిత్యాల

జవాబు: వద్దని చెప్పండి. వాట్సాప్‌లో సందేశాలు వెళ్తాయి గాని, కాల్స్‌ను యూఏఈలో అనుమతించరు. నేరం చేయడానికి లేదా దాన్ని కప్పిపుచ్చడానికి వీపీఎన్ వాడితే 5 లక్షల నుంచి 20 లక్షల దిర్హమ్‌ల వరకు జరిమానా వేసేలా అక్కడ 2016లో చట్టాన్ని సవరించారు. అందులో కనిష్ఠ మొత్తమే మన లెక్కలో కోటి రూపాయలకు పైమాట. ఫోన్ ఖర్చు మిగుల్చుకోబోయి అంత ప్రమాదం నెత్తికెత్తుకోవడం తగదు. బోటిమ్, జూమ్, మైక్రోసాఫ్ట్ టీమ్స్ వంటి కాలింగ్ యాప్‌లు అక్కడ అనుమతి ఉన్నవే. అదే యాప్ మీ ఫోన్‌లోనూ ఉండాలి కాబట్టి, అబ్బాయి ఈసారి సెలవుకు వచ్చినప్పుడు ఇద్దరి ఫోన్లలోనూ వేయించి, ఇంట్లోనే ఒక గదిలోంచి ఇంకో గదికి ఒకసారి చేసి చూసుకోండి.