మూడో తరగతికి ఇంగ్లీష్ చెప్తున్న మా అమ్మాయికి

అమ్మా, నీ మెసేజ్ చూసేను. సోమవారం 'షీ గోస్' అని బోర్డు మీద రాసి చెప్పేవు, మంగళవారం స్లిప్ టెస్ట్‌లో పిల్లలందరూ కరెక్టుగా రాసేరు, బుధవారం నోరు తెరిస్తే మళ్ళీ 'మై ఫాదర్ గో టు పొలం', మరి డైట్‌లో, అదే టీచర్ ట్రైనింగ్ కాలేజీలో, చదివిన థియరీ అంతా పరీక్ష రాసుకోడానికేనా పిన్నీ అని అడిగేవు. కాదమ్మా, ఆ థియరీతో నీకు పని పడింది ఇప్పుడే.

రూలు తెలియడం వేరు, మాట్లాడేటప్పుడు అది నోట్లోకి రావడం వేరు. భాష ఎలా వస్తుందో పరిశీలించిన స్టీఫెన్ క్రాషెన్ అనే అమెరికా ఆయన చెప్పింది ఇదే. రెండిటి మధ్యా దారే లేదని ఆయన అన్నంత గట్టిగా నేను అనను, వాడగా వాడగా రూలు నాలిక మీదకి వస్తుంది, కానీ సోమవారం చెప్తే బుధవారానికి రాదు. అందులోనూ నువ్వు ఎంచుకున్న ఆ 'స్' ఉంది చూడు, అది అన్నిటికంటే ఆలస్యంగా వచ్చేవాటిలో ఒకటి. 1974లో డ్యులే, బర్ట్ అని ఇద్దరు అమెరికాలో ఇంగ్లీష్ నేర్చుకుంటున్న స్పానిష్ పిల్లల్నీ చైనీస్ పిల్లల్నీ పరిశీలించేరు, ఇళ్ళల్లో మాట్లాడే భాషలు వేరైనా ఇంగ్లీష్ ముక్కలు వచ్చే వరస ఇద్దరికీ దాదాపు ఒకటే. 'ఇంగ్', బహువచనం ముందు, 'షీ గోస్'లో 'స్' బాగా వెనక. (ఇంటి భాష ప్రభావం అసలు లేదని కాదు, తరవాత చూసినవాళ్ళు అదీ ఉందనే తేల్చేరు, తెలుగులో 'ఎ', 'ద' లాంటివి లేవు కాబట్టి మన పిల్లలకి అవి పట్టుబడటానికి ఇంకా టైం పడుతుంది.) కాబట్టి మూడో తరగతిలో ఆ 'స్' గురించి ప్రాణం తీసుకోకు. 'హీ ఈటింగ్ రైస్' అంటున్నారా? అంటే మెట్టు ఎక్కేరన్నమాట, సంతోషించు.

ఇంకోటి రాసేవు, ముందు 'కేమ్' అని చక్కగా అనే గుంటడు ఇప్పుడు 'కమ్డ్' అంటున్నాడు, మర్చిపోయేడు అని. మర్చిపోలేదమ్మా! అప్పుడు విన్నమాట విన్నట్టు అనేవాడు, ఇప్పుడు భూతకాలానికి చివర ఒకటి తగిలించాలని వాడంతట వాడు కనిపెట్టేడు, ఆ మాట వాడికి ఎవరూ చెప్పలేదు కదా. పిల్లల తప్పులు టీచర్‌కి సమాచారం అని కార్డర్ అనే భాషా పండితుడు 1967లోనే రాసేడు. నువ్వు మాత్రం ఎర్ర పెన్ను పెట్టకు, 'అవునా, హీ కేమ్ ఎస్టర్డే? హూ కేమ్ విత్ హిమ్?' అని మాటల్లోనే సరైనది వినిపించి ముందుకెళ్ళిపో.

ఇప్పుడు అసలు సంగతి. నీ క్లాసులో మందస కొండల మీంచి వచ్చే సవర పిల్లలు నోరు విప్పడం లేదు, తెలుగు బానే మాట్లాడతారు మరి ఇంగ్లీష్ పీరియడ్‌లో ఎందుకిలగ అని రాసేవు కదా, ఆ వాక్యం దగ్గర నేను చాలాసేపు ఆగిపోయేను. వాళ్ళకి తెలుగే రెండో భాషమ్మా, ఇంగ్లీష్ మూడోది. సవర మన తెలుగు కుటుంబం కూడా కాదు, ముండా అనే వేరే కుటుంబం భాష. గ్రౌండ్‌లో ఆడుకునే తెలుగు చూసి తెలుగు వచ్చేసింది అనుకోకు. కెనడాలో వలస పిల్లల మీద పనిచేసిన జిమ్ కమిన్స్ ఏటి తేల్చేడంటే ఆటపాటల భాష రెండేళ్ళలో వచ్చేస్తుంది గానీ పుస్తకం చదివి లెక్క అర్థం చేసుకునే భాషకి అయిదు నుంచి ఏడేళ్ళు పడుతుంది అని. మరి ఆ పిల్ల సైన్స్ పాఠం తెలుగులోనే సగం అందుకుంటుంటే దాని మీద ఇంగ్లీష్ పేజీ పెట్టి లేచి నిలబడి చదువు అంటే ఎలగ? లేపకు. వినడానికి వదిలెయ్యి. కొందరు పిల్లలు కొత్త భాషలో నెలల తరబడి మాట్లాడరు, కానీ వింటూనే ఉంటారు. అర్థమయిందో లేదో చేతల్లో చూడు, 'టచ్ ద విండో', 'బ్రింగ్ టూ స్టోన్స్' అను, ఠక్కున లేచి చేస్తారు, నోటితో చెప్పకపోయినా పర్వాలేదు. సవరలో వాళ్ళలో వాళ్ళు మాట్లాడుకుంటే ఆపకు, అక్కడే వాళ్ళకి అర్థమవుతోంది. మన శ్రీకాకుళం గడ్డ మీద పుట్టిన గిడుగు రామమూర్తి గారు పర్లాకిమిడిలో పంతులుగా ఉంటూ సవర నేర్చుకుని, 1931లో ఆ భాషకి వ్యాకరణం, 1938లో నిఘంటువు తెచ్చేరు. నువ్వు అంత చెయ్యక్కర్లేదు, నీళ్ళు, ఇల్లు, రా, కూర్చో లాంటి మాటలు ఆ పిల్లల్నే అడిగి నేర్చుకో. టీచర్ తమ దగ్గర నేర్చుకుంటోంది అంటే వాళ్ళ భయం ఎంత పోతుందో నువ్వే చూస్తావు.

అలాగని వినిపిస్తే చాలు అనీ కాదు. కెనడాలోనే ఫ్రెంచ్ మీడియంలో ఏళ్ళ తరబడి చదివిన, ఇంట్లో ఇంగ్లీష్ మాట్లాడే పిల్లలు బ్రహ్మాండంగా అర్థం చేసుకునేవారు, మాట్లాడితే మాత్రం వ్యాకరణం కుంటేది, ఎందుకంటే క్లాసులో వాళ్ళు పెద్దగా మాట్లాడాల్సిన అవసరమే రాలేదు, అది చూసి మెరిల్ స్వెయిన్ అనే అక్కడి పరిశోధకురాలు మాట్లాడే పని కూడా పెట్టాలంది. అంటే స్పీచ్‌లు ఇప్పించమని కాదు. ఇంగ్లీష్ ఎలా నేర్పాలో పరిశోధించిన మన ఎన్.ఎస్. ప్రభు గారు 1979 నుంచి 84 దాకా బెంగుళూరు ప్రాజెక్టులో సౌత్ ఇండియా బళ్ళల్లో చేసింది చదువు, గ్రామర్ పాఠం పక్కన పెట్టి పిల్లల చేత మ్యాపులు, రైలు టైంటేబుళ్ళు చూపించి లెక్క తేల్పించేవారు, బుర్ర లెక్క మీద ఉంటే భాష వెనకాల వచ్చేది. నువ్వు పలాస స్టేషన్ టైమింగ్స్ నాలుగు చార్ట్ మీద రాసి, ఏ బండెక్కితే మధ్యాహ్నం భోజనానికి విజయనగరం చేరతామో జంటలు జంటలుగా తేల్చమను. గోల అవుతుంది, పక్క క్లాసు సార్ వచ్చి చూస్తారు, అవనీ.

లెసన్ ప్లాన్ రికార్డు ఎలాగూ రాయాలి, రాసెయ్యి, మార్కులు దానికే. దాంతోపాటు చిన్న నోట్‌బుక్ ఒకటి పెట్టుకుని పిల్లకో పేజీ చొప్పున వాళ్ళు వాళ్ళంతట వాళ్ళు అన్న ఇంగ్లీష్ మాటలు అన్నవి అన్నట్టే, తప్పులతోనే, తారీకు వేసి రాయి. స్లిప్ టెస్ట్‌లో కనపడనిది అందులో కనపడుతుంది. దసరా సెలవలకి వచ్చినప్పుడు అది తీసుకురా, ఇద్దరం కూర్చుని ఎవరు ఎక్కడున్నారో చూద్దాం, ముందు ఆ సవర పిల్లల పేజీలే చూద్దాం.